సంచీ విప్పని పాప

ఆఫీసులో అందరూ అతన్ని భూతద్దం అనేవారు. వెనకాల కాదు, ఎదురుగానే అనేవారు. అతనూ పలికేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట మడత పెట్టుకునే చిన్న అద్దం ఒకటి ఎప్పుడూ ఉండేది కాబట్టి ఆ పేరులో అన్యాయమేమీ లేదని అతని అభిప్రాయం.

అతని ఉద్యోగం మామూలు మనిషిలా షాపులకి వెళ్ళి సరుకు కొనడం. కొన్నదాని మీద భద్రతా ముద్ర ఉంటుంది. అది అసలుదా, ఎవరో చూసి గీసుకున్నదా అన్నది ముందు అతను కంటితో తేలుస్తాడు. తర్వాత ల్యాబ్ వాళ్ళు ఆ వస్తువుని లాగి, కాల్చి, కింద పడేసి తేలుస్తారు. ఏది కొన్నా రెండు కొనాలి. ఒకటి విరగ్గొట్టడానికి. రెండోది సంచీలో పెట్టి, సీలు వేసి, బీరువాలో దాచడానికి. రేపు ఏ కంపెనీ అయినా “మా సరుకు అలాంటిది కాదు” అని కోర్టుకెక్కితే ఆ సంచీ తీసి చూపిస్తారు. తానెవరో మాత్రం షాపులో చెప్పకూడదు. చెబితే వాళ్ళు లోపల్నుంచి మంచిది వెతికి తెచ్చిస్తారు.

చాలాకాలం అతను ప్లగ్గులూ, చార్జర్లూ, ఇస్త్రీపెట్టెలూ కొన్నాడు. అది హాయైన కాలం. వృత్తంలో మెట్టు దిగినట్టు ఒకటి పైన, ఒకటి కింద నిలబడే యు, ఎల్ అక్షరాలు ఎలా ఉండాలో అతనికి నిద్రలో లేపినా తెలుసు. చదరంలో చదరం ఉండే గుర్తుని చూపించి “ఇది కూడా ముద్రేనండీ, డబుల్ గ్యారంటీ” అనే షాపువాళ్ళకి, అది గ్యారంటీ కాదనీ, లోపల కరెంటుకి రెండు పొరల అడ్డు ఉందని కంపెనీవాడు చెప్పుకునే గుర్తు మాత్రమేననీ చెప్పాలని నోటిదాకా వచ్చేది. మింగేసేవాడు. ఇంట్లో మాత్రం అక్కతో చెప్పేవాడు.

అక్క అతనికన్నా పెద్దది. కర్టెన్లు కుట్టేది. ముందు గదంతా ఆవిడ మిషను, బట్టల చుట్టలు. వెనక గది అతనిది. పెళ్ళిమాట అతను ఎత్తలేదు, ఆవిడ ఎత్తి ఎత్తి మానేసింది. అతను చదరంలో చదరం గురించి చెబుతుంటే ఆవిడ మిషను ఆపకుండా “ఊఁ” అనేది.

అలా ఉండగా బొమ్మలు కొనే ఉద్యోగికి బదిలీ అయింది. ఆఫీసులో పైఅధికారి అయిన మేడమ్ అతన్ని పిలిచి, “రేపట్నుంచి మీరు బొమ్మలు చూడండి” అంది.

“నాకు పిల్లల్లేరు మేడమ్.”

“ప్లగ్గులు కొన్నప్పుడు మీకు ఫ్యాక్టరీ ఉందా?”

లేదు. అందుకని వెళ్ళాడు.

మార్కెట్టు మలుపులో ఉన్న ఆ బొమ్మల షాపు లోపలికి పొడుగ్గా, సొరంగంలా ఉండేది. పైకప్పు నుంచి బంతులు వలల్లో వేలాడేవి. గల్లాపెట్టె వెనక, మోకాళ్ళ మీద గుడ్డముక్కలు పెట్టుకుని ఏదో ఒకటి కుట్టుకుంటూ షాపు యజమానురాలు కూర్చునేది. అరవై దాటిన మనిషి. మాట మొదలుపెడితే గుక్క తిప్పుకోదు. అతను ఒక బొచ్చు ఎలుగుబంటిని తలకిందులు చేసి, కాళ్ళ మధ్య కుట్టు దగ్గర వేలాడే చీటీని అద్దం పెట్టి చూస్తున్నాడు.

“ఏం బాబూ, జ్వరమొచ్చిందా దానికి?”

అతను అద్దం జేబులో పెట్టుకున్నాడు. “బాగుందమ్మా. ఇలాంటివి రెండివ్వండి.”

“రెండెందుకు?”

ప్లగ్గుల షాపులో ఎవరూ ఎప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు. అతను నీళ్ళు నమిలి, “ఇద్దరున్నారు” అన్నాడు.

“కవలలా!” అంది ఆవిడ. అడగడం కాదది, కనిపెట్టడం. ఆ ముఖంలో వెలిగిన సంతోషం చూసి కాదనడానికి అతనికి నోరు రాలేదు. తల ఊపాడు. తండ్రి కావడానికి అతనికి అంతకంటే ఎక్కువసేపు పట్టలేదు.

తర్వాతిసారి రెండు గిలక్కాయలు కొన్నాడు. ఆవిడ పిల్లల గురించి అడిగింది. ఒక బాబు, ఒక పాప అన్నాడు. ఎలుగుబంట్లు నచ్చాయా అంది. అతను అబద్ధం ఆడడం చేతకాని మనిషి. ఆడాల్సి వచ్చినప్పుడు నిజానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదనుకునేవాడు. అందుకని ల్యాబ్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాడు.

“వాడు మొదటిరోజే చెవి పీకేశాడమ్మా. తర్వాత నిప్పు పెట్టాడు.”

“నిప్పే!”

“ఏదిచ్చినా అంతే. ముందు లాగుతాడు, తర్వాత కింద పడేస్తాడు, ఆఖర్న కాలుస్తాడు.”

“మరి పాప?”

“పాప సంచీలోంచి కూడా తియ్యదు.”

ఆవిడ సూది ఆపింది. బొమ్మలు కాల్చే పిల్లవాడి గురించి ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. మగపిల్లలు అంతే అనుకున్నట్టుంది. కానీ కొత్త బొమ్మ సంచీలోంచి తియ్యని పాప ఆవిడ మనసులో ముల్లులా దిగిపోయింది. అతను ఎప్పుడు వెళ్ళినా మొదటి మాట అదే.

“తీసిందా?”

“లేదమ్మా.”

“చూస్తుందా అయినా?”

“అక్కడే ఉంటుంది. కదలదు.”

“డాక్టరుకి చూపించావా?”

“రెండు నెలలకోసారి చూసిపోతారమ్మా,” అన్నాడతను. బీరువా తనిఖీ నిజంగానే రెండు నెలలకోసారి జరిగేది.

ఒకరోజు ఆవిడ గొంతు తగ్గించి, “వాళ్ళమ్మ ఏమంటుంది?” అంది. అతను ఏం చెప్పాలో తెలియక పైన వేలాడుతున్న బంతుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆవిడ గభాలున లేచి, తన స్టూలు అతనికిచ్చి, లోపలికెళ్ళి టీ తెచ్చింది. ఆ తర్వాత వాళ్ళమ్మ ఊసెత్తలేదు. ఆ అబద్ధం అతను ఆడింది కాదు. ఆవిడే తయారుచేసి అతని చేతిలో పెట్టింది. అతను టీతో పాటు పుచ్చుకున్నాడు.

అలా పిల్లలు పెరిగారు. మూడేళ్ళలోపు వాళ్ళకి పనికిరాదని చెప్పే గుర్తు ఒకటుంటుంది, గుండ్రటి గీతలో ఏడుపుముఖం, దాని మీద అడ్డగీత. అది ఉన్న బొమ్మలు మొదట్లో ఆవిడ అతనికి ఇచ్చేది కాదు. “మీ వాళ్ళకి ఇంకా వయసు రాలేదు” అని వెనక్కి పెట్టేసేది. పని దెబ్బతింటోందని అతను ఆఫీసులో చెప్పుకోలేకపోయాడు. కొన్నాళ్ళకి ఆవిడే “ఇప్పుడివ్వచ్చు” అని ఆ అలమార తెరిచింది. చెక్క రైళ్ళు, డాక్టరాట పెట్టెలు, పియానోలు, ఏవైనా రెండేసి పట్టుకెళ్ళాడు. ముద్రలు బాగానే ఉండేవి. ఆవిడ సరుకు చూసి తెచ్చేది. ఆ షాపు గురించి మంచి రిపోర్టు రాస్తున్నప్పుడల్లా అతనికి లోపల ఎక్కడో కొంచెం శాంతిగా ఉండేది.

ఒకసారి అతను బయల్దేరబోతుంటే ఆవిడ బల్ల కింద నుంచి ఒక గుడ్డబొమ్మ తీసింది. రెండు జడలు, నీలం గౌను, కళ్ళకి గుండీలు. ఇన్నాళ్ళూ మోకాళ్ళ మీద కుట్టింది అదేనని అతనికప్పుడు తెలిసింది.

“ఇది అమ్మడానికి కాదు. పాపకి. సంచీలో పెట్టనివ్వను, అందుకే సంచీ ఇవ్వట్లేదు. చేతిలో పట్టుకుని తీసుకెళ్ళు. చేతిలో పెట్టు.”

“వద్దమ్మా, నేను పుచ్చుకోకూడదు.”

“నీకెవరిచ్చారు?”

అతను గుడ్డబొమ్మని చేత్తో పట్టుకుని, బస్సులో అందరూ చూస్తుండగా ఇంటికి వెళ్ళాడు. అలవాటు కొద్దీ దారిలో కంటి గుండీని గట్టిగా లాగి చూశాడు. ఊడలేదు. చీటీ కోసం కుట్టు తిరగేశాడు. ఏ ముద్రా లేదు.

అక్క కర్టెన్ మీద నుంచి తలెత్తింది. “ఎవరిదిరా అది?”

“నా కూతురిది.”

మిషను ఆగింది. కర్టెన్లు కుడుతున్నంత కాలంలో పని మధ్యలో మిషను ఆగడం అదే మొదటిసారి. అతను మొదట్నుంచీ చెప్పాడు. ఎలుగుబంటి దగ్గర మొదలుపెట్టి గుండీ కళ్ళ దాకా. అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా విన్నది.

“అంటే నాకు మేనల్లుడూ మేనకోడలూ ఉన్నారన్నమాట.”

“అనుకోవచ్చు.”

“ఒక్క ఫొటో అయినా చూపించావా నాకు? ఇంతకీ తల్లి పోయిందా, వెళ్ళిపోయిందా?”

“నేను అడగలేదు,” అన్నాడతను.

మర్నాడు రూల్ ప్రకారం బొమ్మని మేడమ్ బల్ల మీద పెట్టాడు. తనిఖీలో ఉన్న షాపు నుంచి ఏ కానుక అందినా ఆఫీసులో అప్పగించాలి. మేడమ్ బొమ్మని ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూసింది. ఎందుకిచ్చారని అడిగింది. పాపకని చెప్పాడు. ఏ పాపకని అడిగింది. చెప్పాడు. మేడమ్ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “సీలు వేసి బీరువాలో పెట్టించండి” అంది. అలా ఆ బొమ్మ చేరాల్సిన చోటికే చేరింది.

షాపులో ఆవిడ “చేతిలో పెట్టావా?” అని అడిగినప్పుడు అతను “పక్కనే పడుకోబెట్టామమ్మా” అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు అతను కొనాల్సింది కొనకుండా వచ్చేశాడు.

తర్వాత పాడే బొంగరాలు వచ్చాయి.

మీటనొక్కి వదిలితే రంగురంగుల దీపాలతో తిరుగుతూ పాటపాడే బొంగరం. కొత్త టోకు వ్యాపారి తెచ్చి పోశాడు. ఆవిడ సరదాగా ఒకటి బల్ల మీద తిప్పి చూపించింది. తిరగడం ఆగాక అతను దాన్ని బోర్లించి చూశాడు. అద్దం తియ్యక్కర్లేకపోయింది. ముద్రలోని సి, ఇ అన్న రెండక్షరాలు బస్సులో ఒకే సీటు మీద కూర్చున్న ఇద్దరిలా ఇరుక్కుని ఉన్నాయి. ఇ మధ్యగీత పొట్టిగా ఉండాలి. ఇందులో మూడు గీతలూ సమానంగా ఉన్నాయి. అతను రెండు కొన్నాడు. “ఇది మటుకు పాప తీస్తుంది చూడు” అంది ఆవిడ.

ముద్ర తప్పుగా ఉన్నంత మాత్రాన వస్తువు చెడ్డదనుకోకూడదు. అచ్చువేసినవాడి అజ్ఞానం కావచ్చు. అలాగే అవ్వాలని అతను ఎన్నడూ లేనిది కోరుకున్నాడు. ల్యాబ్ నుంచి కబురొచ్చింది. బొంగరం అడుగున చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంది. దాని మూతకి స్క్రూ ఉండాలి, లేదు. గోటితో గీకితే మూత ఊడి, బ్యాటరీ జారి చేతిలో పడింది. పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని లోపల కాల్చేస్తుంది.

“సరుకంతా ఎత్తించండి. కొన్నది మీరే కాబట్టి మీరే వెళ్ళాలి,” అంది మేడమ్.

“ఇంకెవరినైనా పంపితే...”

“ఏం?”

“ఆవిడకి నేను... వేరేగా తెలుసు.”

మేడమ్ కళ్ళజోడు తీసింది. “మీ ఇబ్బంది నాకర్థమైంది. కానీ కవలలు అనేది సెలవు పెట్టడానికి కారణం కాదండీ. ఉన్నవాళ్ళకే కాదు.”

మర్నాడు పొద్దున్న ఆఫీసు వ్యాను షాపు ముందాగింది. ఆవిడ అప్పుడే తలుపులు తీస్తోంది.

“రా బాబూ. తీసిందా? పాట విన్నదా?”

అతను గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కార్డు చూసింది.

“ఫొటోలో బాగా పడలేదు నువ్వు.”

“అమ్మా, నేను తనిఖీ ఆఫీసు నుంచి వచ్చాను.”

“మంచిదే కదా. ఎప్పుడు చేరావు?”

“మొదట్నుంచీ అక్కడేనమ్మా.”

ఆవిడకి అప్పటికీ అర్థం కాలేదు. అతను బొంగరం తెప్పించి, మూత మీద గోరు పెట్టాడు. బ్యాటరీ బల్ల మీద పడి దొర్లింది. ఆవిడ దాన్ని వేలితో ఆపింది.

“మింగుతారా దీన్ని?”

“మింగుతారమ్మా.”

ఇంకేమీ వాదించలేదు. తనే లోపలికెళ్ళి పెట్టెలన్నీ బయటికి మోయించింది. కిటికీలో అలంకారానికి పెట్టినది కూడా తీసిచ్చింది. టోకు వ్యాపారిని ఒకటి రెండు మాటలు అంది. అవి ఇక్కడ రాసేవి కావు. తర్వాత నిలబడి, “నువ్వు బల్ల మీదే కనిపెట్టావు. ఎలా?” అని అడిగింది.

పొట్లాలు కట్టే కాగితం మీద అతను పెద్దగా గీసి చూపించాడు. “సి వంపుని ఆపకుండా తిప్పి సున్నా చెయ్యండి. ఆ సున్నా అంచు వెళ్ళి ఇ వీపుని ఆనుకుని ఆగాలి. అది సరైన ముద్ర. ఇప్పుడు ఈ బొంగరం మీదున్నట్టు గీసి, అలాగే తిప్పండి.”

ఆవిడ పెన్సిలు తీసుకుని తిప్పింది. “వీపులోంచి దూసుకుపోయింది.”

“అదేనమ్మా.”

“ఇంత తేలికైనప్పుడు ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“చెప్పకూడదమ్మా. మామూలు మనిషిలా కొనాలి.”

“మామూలు మనిషిలా,” అంది ఆవిడ. పెన్సిలు కింద పెట్టింది. కాగితం వైపు చూస్తూ, “అయితే ఆ రెండేసి...” అంది.

అతను తల దించుకున్నాడు.

“విరగ్గొట్టే పిల్లాడు?”

“ల్యాబ్‌లో మెషినమ్మా.”

“పాప?”

అతను వ్యాను డ్రైవరు ఆఖరి పెట్టె ఎత్తుకుని బయటికెళ్ళేదాకా ఆగి, “బీరువా,” అన్నాడు.

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. “బీరువాకా నేను గౌను కుట్టింది.”

“అమ్మా...”

“దానికి రెండు జడలు వేశాను.”

“తప్పయిపోయిందమ్మా.”

“వాళ్ళమ్మ పోయిందనుకుని ఆ పూట నేను అన్నం తినలేదు. తెలుసా?” ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే అతనికి కొంచెం తేలికగా ఉండేది. “సరుకు పట్టుకెళ్ళు. నోటీసు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. అది నీ పని, తప్పులేదు. కానీ నా బొమ్మ నాకు తెచ్చివ్వు.”

బొమ్మని బీరువాలోంచి బయటికి తేవడం, పెట్టినంత తేలిక కాదు. సీలు పడిన సంచీ తియ్యాలంటే కారణం ఉండాలి. భూతద్దం మేడమ్ ముందు నిలబడి, “ఎవరికైతే ఇచ్చారో ఆ మనిషి లేదు కాబట్టి, ఇచ్చినవాళ్ళు వెనక్కి అడుగుతున్నారు” అన్నాడు. మేడమ్ చాలాసేపు ఆలోచించి, అంతకన్నా సరైన కారణం ఈ ఆఫీసులో తాను వినలేదని చెప్పి సంతకం పెట్టింది.

బొమ్మ ఇంటికొచ్చింది కానీ షాపుకి వెళ్ళలేదు. రోజూ వెళ్దామనుకునేవాడు. మార్కెట్టు మలుపు దాకా వెళ్ళి, అక్కడ నుంచి ఏదో గుర్తొచ్చినవాడిలా తిరిగొచ్చేవాడు. సరిగా తినడం మానేశాడు. అక్క చూసి చూసి ఒకరోజు కర్టెన్ మడిచి పక్కన పెట్టి, బొమ్మని చంకలో పెట్టుకుని తనే బయల్దేరింది.

వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. అతను ముందు గదిలో, వెనక గదిలో, మళ్ళీ ముందు గదిలో తిరిగాడు. ఆఖరికి అక్క వచ్చింది. చంకలో బొమ్మ అలాగే ఉంది. చేతిలో గుడ్డముక్కల మూట ఒకటి కొత్తగా ఉంది.

“ఏమైందక్కా?”

“ఏమవుతుంది? వెళ్ళి, నేను ఆ పిల్లల మేనత్తనండీ అన్నాను.”

“ఏమందావిడ?”

“ముందు కళ్ళెర్రజేసింది. తర్వాత నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, నేనే మంచినీళ్ళిచ్చాను. తర్వాత ఏడ్చింది. ఆవిడకెవరూ లేరురా. నీ పిల్లల గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పిందట. ఇప్పుడు వాళ్ళు అడిగితే ఏం చెప్పాలని ఆవిడ బాధ. వేరే ఊరు వెళ్ళిపోయారని చెప్పమన్నాను.”

“నా గురించి ఏమైనా...”

“నీతో మాట్లాడదు. ఆ మాట చెప్పమంది.” అక్క మూట విప్పింది. “మేమిద్దరం గుడ్డబొమ్మలు కుట్టి అమ్ముదామనుకుంటున్నాం. నా దగ్గర కర్టెన్ ముక్కలు బోలెడు మిగులుతాయి. ముద్ర వేసుకోవాలంటే ఏం చెయ్యాలో నిన్నడిగి రమ్మంది.”

అతను మర్నాడే మేడమ్‌కి విషయం చెప్పాడు. అక్క బొమ్మల వ్యాపారంలోకి దిగింది కాబట్టి తాను బొమ్మలు చూడకూడదు. మేడమ్ అతన్ని మళ్ళీ ప్లగ్గులకి మార్చింది. గుడ్డబొమ్మల పరీక్షల సంగతి పక్క గదిలో ఉండే వేరే ఉద్యోగికి అప్పగించింది. ఆ విషయంలో ఇంట్లో నోరు మెదపవద్దని భూతద్దానికి గట్టిగా చెప్పింది.

అతను మెదపలేదు. ఆడవాళ్ళిద్దరూ కుట్టిన మొదటి బొమ్మలు ల్యాబ్‌కి వెళ్ళాయి. కంటి గుండీకి బరువు కట్టి వేలాడదీశారు. గుండీ ఊడలేదు. బట్ట తడిపారు, రంగు దిగలేదు. నిప్పంటించారు, ఉండాల్సిన దానికన్నా నెమ్మదిగానే కాలింది. కబురు అక్క ద్వారా షాపుకి వెళ్ళింది. “ఆ పిల్లాడి చేతిలోనే పెట్టారా?” అని అడిగిందట ఆవిడ. అవునంటే, “బాగా ఆడుకున్నాడన్నమాట” అందట.

ఈలోగా మార్కెట్టులో ఆవిడ పేరు మారుమోగిపోయింది. ఏ టోకు వ్యాపారి వచ్చినా పెట్టె విప్పకముందే కాగితం, పెన్సిలు తీసి సున్నాలు చుడుతోంది. ఒక వ్యాపారి, తన సరుకు మీదున్నది అసలు ముద్రేనని ప్రమాణం చేశాడట. “ప్రమాణం ఎందుకయ్యా, ఇ మధ్యగీత పొట్టిగా వేస్తే పోయేది కదా” అని పంపేసిందట. పక్క షాపులవాళ్ళు కూడా సరుకు పట్టుకుని ఆవిడ దగ్గరికి వస్తున్నారు. ఇవన్నీ అక్క అన్నం వడ్డిస్తూ చెప్పేది. అతను తలొంచుకుని వినేవాడు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైతే అతనే తీశాడు. ఎదురుగా ఆవిడ. చేతిలో సంచీ.

“నీతో పని లేదు. మీ అక్కతో,” అని పక్క నుంచి లోపలికి వెళ్ళి మిషను పక్కన కూర్చుంది.

బొమ్మ చీటీలు వెనక్కొచ్చాయట. బొమ్మ మంచిదే, కాయితాలూ సరిగానే ఉన్నాయి, చీటీ మీద ముద్రలో ఏదో లోపం ఉందని పక్క గది ఉద్యోగి తిప్పి పంపాడు. ఏం లోపమో ఇద్దరికీ అంతుబట్టలేదు. చీటీ మీద ముద్ర అచ్చు కాదు, అక్క దారంతో కుట్టింది. సున్నాలు చుట్టి చూశారు, సరిగ్గా వీపు దగ్గర ఆగాయి. మధ్యగీత పొట్టిగానే ఉంది. తిరగేశారు, వెలుతురుకి పెట్టి చూశారు.

అతను వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడ నుంచే అతనికి కనిపిస్తోంది.

“ఏరా, చూసి చెప్పు,” అంది అక్క.

“నేను చెప్పకూడదక్కా. రూల్ ఒప్పుకోదు.”

ఆవిడ మెల్లగా అతని వైపు తిరిగింది. సంగతి బయటపడ్డాక అతని ముఖంలోకి చూడడం అదే మొదలు.

“ఇన్నాళ్ళూ నాతో అబద్ధం చెప్పడానికి ఒప్పుకుంది మీ రూలు. నిజం చెప్పడానికి ఒప్పుకోదా?”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. అతను ఆలోచించాడు. చూసి చెప్పకూడదు, అది నిజం. కానీ అచ్చయి, ఎవరు అడిగినా ఇచ్చే రూలు ఒకటుంది. అది అందరికీ తెలియాలనే అచ్చేశారు. దాన్ని చదివి వినిపించడానికి చీటీ చూడనక్కర్లేదు. అతను చీటీ వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“మామూలుగా ఆ ముద్ర ఎత్తు అయిదు మిల్లీమీటర్లకి తగ్గకూడదని అందరికీ ఇచ్చే పుస్తకంలో ఉంటుందమ్మా. నేను మీ చీటీ చూడలేదు.”

అక్క టేపు తీసి కొలిచింది. “నాలుగే ఉంది.”

“ఒక్క మిల్లీమీటరుకా ఇంత గొడవ?” అంది ఆవిడ.

“అంత చిన్నదైతే కనిపించదమ్మా,” అన్నాడతను గోడతో.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుంది, కానీ భుజాలు కదిలాయి. “ఇటు తిరుగు. ఎంతసేపు గోడతో మాట్లాడతావు? ఒక మాట చెబుతాను, విను. నాకు కోపం పోలేదు.”

“తెలుసమ్మా.”

“పోదు కూడా. ఆ పాప ఎక్కడైనా బస్సులో కనిపిస్తుందేమోనని ఇప్పటికీ చూస్తుంటాను. పిచ్చిదాన్నని నాకూ తెలుసు.”

“నేనూ చూస్తుంటానమ్మా,” అన్నాడతను. అది అతను కావాలని అన్న మాట కాదు, అనుకోకుండా నోట్లోంచి వచ్చింది. అక్క చీటీ కుట్లు విప్పుతున్నదల్లా ఆగి అతని ముఖంలోకి చూసి, మళ్ళీ విప్పసాగింది.

ఆవిడ సంచీలోంచి కొత్త చీటీ గుడ్డ తీసింది. ఎర్రదారం తీసింది. సూదిని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, దారం కొస గురిచూసింది. పక్కకి పోయింది. మళ్ళీ గురిచూసింది. మళ్ళీ పోయింది. చెయ్యి దించి, సూదినీ దారాన్నీ అతని ముందుకి చాపింది.

“ఇది ఎక్కించు. దీనికేమైనా రూలుందా?”

అతను గుర్తుచేసుకున్నాడు. లేదు. స్టూలు లాక్కుని ఆడవాళ్ళిద్దరి మధ్యా కూర్చుని, దారం కొసని పెదాలతో తడిపి ఎక్కించి ఇచ్చాడు.